బాటిల్ నిండుగానే ఉంది, కారు మాత్రం మరుగుతోంది!

ఈ ఎపిసోడ్‌లో కోడింగ్ లేదు, కారు ఉంది. బగ్ మాత్రం అచ్చం మన ఆఫీసు బగ్ లాంటిదే. రోజూ రాదు, మెకానిక్ ముందు అసలే రాదు.

నాది పదేళ్ల పాత చిన్న పెట్రోల్ కారు. ఓ సాయంత్రం సంగారెడ్డి నుంచి అమ్మను లింగంపల్లి స్టేషన్‌కి తీసుకెళ్తున్నా. కంది, రుద్రారం దాటేదాకా ఏం లేదు. ఇస్నాపూర్ దగ్గర, పాశమైలారం కంపెనీల లారీలు, షిఫ్ట్ బస్సులు అన్నీ ఒకేసారి రోడ్డెక్కే టైమ్. జామ్‌లో పది నిమిషాలు నిలబడ్డామో లేదో, ఎర్ర లైట్ వెలిగింది. పక్కకి ఆపి ఇంజన్ బంద్ చేశా. అమ్మ ఆటో ఎక్కింది కానీ ట్రైన్ దొరకలేదు. ఆ మాట ఇప్పటికీ అంటుంది.

గంట ఆగి బానెట్ ఎత్తితే కూలెంట్ బాటిల్ నిండుగా ఉంది. మరి ఎందుకు వేడెక్కినట్టు? అంతకుముందు కూడా అంతే, ఓ వారం లెవెల్ తగ్గేది, ఇంకో వారం తగ్గేది కాదు. కారు కింద చుక్క కూడా కనిపించేది కాదు.

మెకానిక్ అన్న చూసి, "తమ్మీ, హెడ్ గ్యాస్కెట్ పోయినట్టుంది, హెడ్ దించాలె" అన్నాడు. 18 వేలు. నేను రెండు వారాలు టైమ్ అడిగా. బగ్ ఎప్పుడు వస్తుందో తెలియకుండా కోడ్ మార్చం కదా!

స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టుకి చిన్న బ్లూటూత్ డాంగిల్ పెట్టి, ఫోన్‌లో కూలెంట్ టెంపరేచర్ రికార్డ్ చేశా. రోడ్డు ఖాళీగా ఉంటే 90 డిగ్రీలు. జామ్‌లో 104. ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంది. జామ్‌లోనే వేడెక్కితే ముందు ఫ్యాన్‌ని అనుమానించాలి. హైవే స్పీడ్‌లో వేడెక్కితే రేడియేటర్ మూసుకుపోయిందేమో, పంపు సరిగా తిప్పట్లేదేమో చూడాలి. ఇక్కడ ఫ్యాన్ బాగానే ఉంది.

తర్వాత గ్యాస్కెట్. ఆయిల్ డిప్‌స్టిక్ మీద పాల రంగు లేదు, సైలెన్సర్‌లో తెల్ల పొగ లేదు. ఒక టెస్ట్ ఉంది: నీలం ద్రవంలోంచి రేడియేటర్ గాలిని లాగుతారు. ఇంజన్ గ్యాస్ కలిస్తే అది పసుపు అవుతుంది. నాది నీలంగానే ఉండిపోయింది.

ఇంక మిగిలింది నేను అసలు పట్టించుకోని మూత. పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీశా (వేడి మీద తీస్తే మొహం కాలుతుంది, సరదా కాదు). లోపల నీళ్లే కనపడలేదు. లీటరున్నర పట్టింది! పక్కన బాటిల్ మాత్రం మ్యాక్స్ గీత పైన.

మూతలో రెండు వాల్వులు ఉంటాయి. ఒకటి ప్రెషర్ పట్టి ఉంచుతుంది. మూత మీద 0.9 అని ఉంటే, ఆ ప్రెషర్‌లో నీళ్లు 100 దగ్గర కాదు, దాదాపు 118 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కూలెంట్ కలిస్తే ఇంకా పైన. రెండోది, ఇంజన్ చల్లారేటప్పుడు బాటిల్‌లోకి పోయిన నీళ్లను వెనక్కి లాగనిస్తుంది. నా మూత రబ్బరు గట్టిపడి, తెల్లటి ఉప్పు పట్టి ఉంది. జామ్‌లో వేడెక్కగానే ప్రెషర్ నిలవక నీళ్లు బాటిల్‌లోకి పోయేవి, నిండితే ట్యూబ్‌లోంచి కాలుతున్న రోడ్డు మీద పడి ఆరిపోయేవి. చల్లారేటప్పుడు నీళ్లకు బదులు గాలి లోపలికి వచ్చేది. ఖాళీ రోడ్డు మీద అంత వేడి రాదు, అందుకే రోజూ జరగలేదు.

ఆ ఉప్పు మన బోరు నీళ్లదే. పటాన్‌చెరు భూగర్భ జలాల కాలుష్యం కేసు 1990లోనే సుప్రీంకోర్టుకి వెళ్లింది, ఆ నీళ్లని నేను మగ్గుతో రేడియేటర్‌లో పోశా! తప్పు నాదే.

కొత్త మూత మూడు వందల లోపే. రేడియేటర్ ఫ్లష్ చేయించి, డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ సగం సగం కలిపి పోసి, గాలి తీయించా. మెకానిక్ అన్న కూడా పూర్తిగా తప్పు కాదు, ఇలాగే ఇంకో నాలుగు జామ్‌లు తిప్పితే హెడ్ వంగి గ్యాస్కెట్ నిజంగానే పోయేది. కొన్ని కార్లకు రేడియేటర్ మీద మూత ఉండదు, బాటిల్ మూతే ఆ పని చేస్తుంది, మీది ఏదో చూసుకోండి.

బాటిల్ మీద మార్కర్‌తో గీత గీసి పెట్టా. నిన్న మళ్లీ అదే ఇస్నాపూర్ జామ్, ఇరవై నిమిషాలు. ఫోన్‌లో 97. పొద్దున చూస్తే నీళ్లు గీత మీదే ఉన్నాయి.