బ్లాక్‌టౌన్ హాలూ, చైతన్య రథమూ

పోయిన నెలలో బ్లాక్‌టౌన్‌లో మనవాళ్ళ బాబుకి అన్నప్రాసన జరిగితే వెళ్ళాము. భోజనాలయ్యాక కారు దగ్గరికి నడిచి వస్తూంటే కౌన్సిలు వారి సివిక్ సెంటరు కనిపించింది. నా వెంట ఉన్న కుర్రవాడు హైదరాబాదు నుంచి వచ్చి ఆరేళ్ళయింది, కంప్యూటరు ఉద్యోగం. "గాఫ్ విట్లమ్ మీటింగు పెట్టిన హాలు ఇదేనోయ్" అన్నాను. "ఆయనెవరు అంకుల్?" అన్నాడు. అంతకు పది నిమిషాల ముందే ఈ అబ్బాయి, ఆంధ్రాలో ఏ ఎమ్మెల్యే ఏ పార్టీలోంచి ఎప్పుడు దూకాడో వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పాడు. అతన్ని తప్పుపట్టి లాభం లేదు. నేను 1978లో ఈ దేశంలో దిగినప్పుడు నా పరిస్థితీ అంతే. అందుకని, సంపాదకుల వారు ఈసారి ఏదో ఒకటి రాయమన్నారు కనుక, ఆ హాలు సంగతే రాస్తున్నాను.

ఆస్ట్రేలియాకు ప్రెసిడెంటు లేడు. రిపబ్లిక్ కావాలా అని 1999 నవంబరు 6న రెఫరెండం పెడితే జనం వద్దన్నారు. మన రాష్ట్రాల్లో మాదిరే ఇక్కడా ప్రతివాళ్ళూ తమ నియోజకవర్గంలో మెంబరుకి ఓటు వెయ్యాలి. అయినా 1972 ఎన్నికలు మాత్రం అచ్చం అమెరికాలో లాగా ఒక్క మనిషి పేరు మీద జరిగాయి. 1949 నుంచి 23 ఏళ్ళు లేబర్ పార్టీ ప్రతిపక్షంలోనే కూర్చుంది. 1969లో విట్లమ్ నాయకత్వంలో 18 సీట్లు అదనంగా తెచ్చుకుని కూడా గట్టెక్కలేదు. ఆ తరువాత మూడేళ్ళకు, 1972 నవంబరు 13వ తేదీ రాత్రి, పడమటి సిడ్నీలోని ఈ బ్లాక్‌టౌన్ సివిక్ సెంటరులో ఆయన ప్రచారం మొదలుపెట్టాడు.

అప్పటి బ్లాక్‌టౌన్ ఇప్పటి బ్లాక్‌టౌన్ కాదు. ఇప్పుడు పెసరపప్పు నుంచి పెళ్ళి పూలజడ దాకా దొరుకుతుంది. అప్పుడు అది ఊరి చివర. కొత్తగా పెళ్ళయిన జంటలు బ్యాంకు అప్పుతో ఇళ్ళు కట్టుకుని చేరుతూండేవారు. ఇళ్ళు వచ్చాయి గాని బడులు చాలవు, పెద్దాసుపత్రి లేదు. పడమటి శివార్లలో చాలా ఇళ్ళకు మురుగు కాలువ కూడా లేదు. సిడ్నీ మహానగరంలో మరుగుదొడ్డి డబ్బాలు మార్చే మనిషి పెరటి దారిన వచ్చి పోతూండేవాడంటే మన పిల్లలు నమ్మరు.

విట్లమ్ ఆ పేటలవాడుగా పుట్టినవాడు కాదు. ప్రభుత్వంలో పెద్ద న్యాయాధికారి కొడుకు, తానూ బారిస్టరు, ఆజానుబాహువు, మాటలో కాస్త పండిత దర్పం. కాని కబ్రమటాలో ఇల్లు కట్టుకుని అక్కడే కాపురం ఉన్నాడు. అందువల్ల మురుగు కాలువ గురించి దేశ రాజకీయాల్లో మాట్లాడటం ఆయనకు నామోషీ అనిపించలేదు. ఆ రాత్రి హాలు కిక్కిరిసింది. "ఆస్ట్రేలియా స్త్రీ పురుషులారా" అని మొదలుపెట్టి, బలవంతపు సైనిక భర్తీ రద్దు, అందరికీ ఆరోగ్య బీమా, ఉచిత యూనివర్సిటీ చదువు, ఆదివాసులకు భూమి హక్కు, నగరాలకు మురుగు కాలువలు అంటూ వరసగా చెప్పుకుపోయాడు. చదివితే బడ్జెట్టు ప్రసంగంలాగే ఉంటుంది. దానికి జనం ఈలలు వేసి చప్పట్లు కొట్టారంటే కారణం ఒకటే. తమ పెరటి సంగతి ఢిల్లీ స్థాయి మనిషి నోట విన్నారు. (కాన్‌బెర్రా అనాలి; అలవాటు పోలేదు, పాఠకులు మన్నించాలి.)

ఆ ఉత్సాహంలో తయారుచేసిన పాలు కూడా ఉంది. "ఇట్స్ టైమ్" అన్న నినాదం, దానికో పాట, టీషర్టులు, బిళ్ళలు, అన్నీ అడ్వర్టైజింగ్ కంపెనీవారు కూర్చిపెట్టినవే. ఆలిసన్ మెకల్లమ్ పాడితే లిటిల్ పాటీ, జాక్ థాంప్సన్ మొదలైన సినిమా, టీవీ తారలు వెనక గొంతు కలిపారు. డిసెంబరు 2న లేబర్ గెలిచింది. 125 సీట్లలో 67. ఇంత హడావుడికీ మెజారిటీ తొమ్మిదే.

ఇక మన సంగతి. 1982లో మా బావగారు గుడివాడ నుంచి రాసిన ఎయిరోగ్రాం ఒకటి నా దగ్గర ఇంకా ఉంది. సాయంత్రం ఏడింటికి వస్తాడన్న రామారావు గారి వాను తెల్లవారుజామున మూడింటికి వచ్చిందనీ, ఆడవాళ్ళు హారతి పళ్ళేలు పట్టుకుని రోడ్డు పక్కనే కునికిపాట్లు పడ్డారనీ, మా అక్కయ్య కూడా వాళ్ళలో ఉందనీ, ఆమెను ఇంటికి రమ్మంటే తననే కసిరిందనీ రాశారు. కాగితం చివర ఖాళీ లేక అడ్డంగా, నిలువుగా, అంచుల వెంబడి రాసిన ఉత్తరం అది. బావగారు అంతవరకు కాంగ్రెసు మనిషి.

1982 మార్చి 29న పార్టీ ప్రకటించి, మే నెలలో తిరుపతిలో మహానాడు జరిపి, పాత షెవర్లే వానొకటి చైతన్య రథంగా మార్పించి, కొడుకు హరికృష్ణ డ్రైవింగు చేస్తూంటే ఖాకీ బట్టలు వేసుకుని ఆయన రాష్ట్రమంతా తిరిగాడు. వాను పైకెక్కి మాట్లాడటం, రోడ్డు పక్కనే స్నానం, భోజనం. అయిదేళ్ళలో నలుగురు ముఖ్యమంత్రులను మార్చిన ఢిల్లీ మీద జనానికి కోపం ఉంది. బేగంపేట విమానాశ్రయంలో అంజయ్య గారికి జరిగిన అవమానం మనసుల్లో పచ్చిగా ఉంది. ఆయన దానికి ఆత్మగౌరవం అని పేరు పెట్టాడు. పాట రాయించుకోవలసిన పని లేదు, ముప్ఫై ఏళ్ళుగా రాముడుగా, కృష్ణుడుగా ఇంటింటా పటం ఉండనే ఉంది. కాని ఒట్టి పటమే అయితే మా అక్కయ్య తెల్లవారేదాకా కూర్చునేది కాదనుకుంటాను. కిలో రెండు రూపాయల బియ్యం అన్నమాట ఆమెకు వినిపించింది. విట్లమ్ మురుగు కాలువ ఎలాంటిదో ఈ బియ్యం అలాంటిది. 1983 జనవరి 5న ఎన్నికలు, 9న ప్రమాణ స్వీకారం. పార్టీకి తొమ్మిది నెలలు.

ఈ ఇద్దరినీ ఒక తాటికి కట్టడం మన మిత్రులు కొందరికి నచ్చదు. ఒకరు పార్లమెంటులో ఇరవై ఏళ్ళు ఉన్నవారు, ఇంకొకరు అప్పుడే మేకప్పు కడుక్కుని వచ్చినవారు అంటారు. నిజమే. కాని తరువాత జరిగింది చూడండి. విట్లమ్‌కు దిగువ సభలో మెజారిటీ ఉండగానే, సెనేట్ బడ్జెట్టు ఆపిందన్న కారణం మీద గవర్నర్ జనరల్ సర్ జాన్ కెర్ 1975 నవంబరు 11న ఆయన్ను తొలగించాడు. ఆ కెర్‌ను ఆ పదవికి సిఫారసు చేసింది విట్లమే. రామారావు గారు అమెరికాలో గుండె ఆపరేషను చేయించుకుని వచ్చీ రాగానే, 1984 ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్ ఆయన్ను తొలగించాడు.

రామారావు గారు ఎమ్మెల్యేలను ఢిల్లీ తీసుకువెళ్ళి రాష్ట్రపతికి చూపించి, సరిగ్గా నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న మళ్ళీ గద్దె ఎక్కారు. విట్లమ్ కోసమూ జనం వచ్చారు. 1975 నవంబరులో సిడ్నీ డొమైన్ పార్కు నిండిపోయింది. బ్లాక్‌టౌన్ హాలుకు ఎన్నో రెట్ల జనం, ఇంకా ఎక్కువ ఆవేశం. డిసెంబరు 13న ఓట్లు లెక్కపెడితే 127లో 36 సీట్లు వచ్చాయి. ఇక్కడ 1924 నుంచి ఓటు వెయ్యడం తప్పనిసరి. మీటింగుకు రానివాడు, పాట పాడనివాడు, ధరలు చూసి ఇంట్లో గొణుక్కునేవాడు, వాళ్ళంతా ఆ రోజు బూతుకు రావలసిందే. 1989లో రామారావు గారి పార్టీ ఓడింది, కల్వకుర్తిలో ఆయనా ఓడారు.

మనకు మాత్రం ఆ బ్లాక్‌టౌన్ రాత్రితో సొంత లెక్క ఒకటి ఉంది. ఈ దేశపు తెల్లవాళ్ళ తలుపు మొదట కాస్త తెరిచింది 1966లో లిబరల్ ప్రధాని హెరాల్డ్ హోల్ట్. అది ఒప్పుకోవాలి. కాని వలసవచ్చేవారి రంగు, జాతి అడగడం పూర్తిగా మానేసింది, ఎక్కడివారికైనా మూడేళ్ళకే పౌరసత్వం అన్నది 1973లో విట్లమ్ ప్రభుత్వం. 1975లో జాతి వివక్ష నిషేధ చట్టం తెచ్చింది. తమాషా ఏమంటే, తలుపు బార్లా తీసిన ఆ ప్రభుత్వమే నిరుద్యోగం చూసి మొత్తం వలసల సంఖ్య తగ్గించింది. నా బోటివాళ్ళు ఆయన దిగిపోయాకే వచ్చారు. ఆయన మెడిబ్యాంకును తరువాతి వారు ఊడదీస్తే, 1984లో మెడికేరుగా మళ్ళీ వచ్చింది. మీ పర్సులో ఉన్న ఆకుపచ్చ కార్డు అదే. ఉచిత యూనివర్సిటీ చదువు మాత్రం 1989లో పోయింది, అదీ లేబరు చేతుల్లోనే.

ఇదంతా ఆ కుర్రవాడికి కారు పక్కన నిలబడే చెప్పాను. మా ఆవిడ రెండుసార్లు హారన్ కొట్టింది. "మరి మీరు మొదటి ఓటు ఎవరికి వేశారంకుల్?" అన్నాడు. 1983 మార్చి 5, బాబ్ హాక్ గెలిచిన ఎన్నిక. గుడివాడలో మా అక్కయ్య ఓటు వేసి సరిగ్గా రెండు నెలలు. స్కూలు ఆవరణలో క్యూలో నిలబడ్డాను, నా ముందు ఒక గ్రీకు ముసలావిడ. ఎవరికి వేశానో ఆ రోజు మా ఆవిడకే చెప్పలేదు, ఇతనికేం చెబుతాను?