బిడ్డల నడిగిన తల్లులు

కురుసభలో ద్రౌపది ధర్మము నడిగినపుడు పెద్దలు తలలు వంచుకొనిరి. వికర్ణు డొక్కడు లేచి న్యాయము పలికెను. కర్ణు డతనిని గద్దించెను. అతనికి తోడుగా నిలిచినవారు అరుదైరి. పరుల హక్కులకై పలుకువారి గతి నేటికిని తరచుగా నిట్టిదే. తోడు దొరకినచో నేమగునో అర్జెంటీనా తల్లుల చరిత్రము తెలుపుచున్నది.

1976 మార్చి 24న ఆ దేశమున సేనానులు ప్రభుత్వమును గైకొనిరి. సభలు నిషిద్ధములయ్యెను; పత్రికల నోళ్లు మూతపడెను. వేలకొలది యువజనులను ఎత్తుకొనిపోయి, తామెరుగమని అధికారులు బొంకిరి. ఇరుగుపొరుగువారు సైతము “వారేదో చేసియే యుందురు” అనుకొని తలుపులు మూసికొనిరి.

1977 ఏప్రిల్ 30న పదునలుగురు తల్లులు బ్యూనస్ ఎయిరిస్ నగరమున ప్రభుత్వ భవనము నెదుటనున్న ప్లాసా దె మాయో అను చౌకమునకు వచ్చిరి. గుంపుగా నిలువరాదు, కదలుడని పోలీసులు శాసింపగా, ఇద్దరిద్దరు చొప్పున చుట్టును నడవసాగిరి. పిమ్మట ప్రతి గురువారమును నడచిరి. పసిబిడ్డలకు కట్టు తెల్లని గుడ్డను తలకు చుట్టుకొని యానవాలు చేసికొనిరి. వారిని కూడగట్టిన అసుసేనా విల్లాఫ్లోర్ అను నిల్లాలిని అదే యేడు డిసెంబరు 10న, మానవహక్కుల దినముననే, అపహరించిరి. ఆమె యస్థులు 2005లో గాని గుర్తింపబడలేదు.

అయినను నడక యాగలేదు. 1978లో ఫుట్‌బాల్ పోటీలకై వచ్చిన విదేశ విలేఖరులు వారి మొరను లోకమునకు వినిపించిరి. హాలండు స్త్రీలు చందాలు పోగుచేసి పంపగా, తల్లుల సంఘమున కొక నిలయ మేర్పడెను. 1983 డిసెంబరు 10న ప్రజలెన్నుకొనిన ప్రభుత్వము మరల వచ్చెను.

మానవహక్కులకై ఒంటరిగా గాని, పదుగురు కూడి గాని పాటుపడుటయు, అందులకు ధనము కూర్చుటయు ఎల్లరి హక్కని ఐక్యరాజ్యసమితి 1998 డిసెంబరు 9న ప్రకటించెను. అయినను నేడు పెక్కుచోట్ల శాసనములతోనే ఆ చోటు నిరుకు చేయుచున్నారు. రష్యాలో మెమోరియల్ అను ప్రసిద్ధ సంస్థను మూసివేయుమని 2021 డిసెంబరులో న్యాయస్థానమే యాజ్ఞాపించెను.

గృహిణులమగు మనమేమి చేయగలమందురా? చెరలోనున్నవాని యింటికి పోయి పలుకరింపవచ్చును. బిడ్డల చదువునకు చేయూత నీయవచ్చును. న్యాయవాది వ్యయమునకు నాలుగు రూపాయలు కూర్చవచ్చును. అధికారులకు జాబు వ్రాయవచ్చును. అన్నిటికంటె ముందు, “ఏదో చేసియే యుండును” అను మాటను మన పెదవులపైకి రానీయకుందము.