గుండె తలుపుకు రెండే రెక్కలుంటే?

పదిహేనేళ్ల పిల్లాడు నాలుగడుగులు పరుగెత్తి రొప్పుతుంటే "తిండి సరిగ్గా తినడు, అందుకే" అంటాం. ఆడపిల్లయితే "రక్తం తక్కువ" అని సరిపెట్టుకుంటాం. చాలాసార్లు అది నిజమే. కానీ అక్కయ్యలూ, ఒక్కోసారి లోపం తిండిలో కాదు, పుట్టుకతోనే గుండెలో ఉంటుంది.

ఏమిటీ లోపం?

కవాటమంటే తలుపే కదా! గుండె నుంచి ఒళ్లంతటికీ మంచి రక్తాన్ని తీసుకెళ్లే పెద్ద నాళం బృహద్ధమని. దాని మొదట్లో ఉండే తలుపుకు మూడు రెక్కలుండాలి. నూటికి ఒకరిద్దరికి రెండే ఉంటాయి. మగపిల్లల్లో ఇది ఎక్కువ. చిన్నతనంలో చాలామందికి ఏ బాధా తెలియదు. వయసు పెరిగేకొద్దీ తలుపు బిగుసుకుపోవచ్చు, లేదా సరిగ్గా మూతపడక రక్తం వెనక్కి కారవచ్చు. కండలవీరుడు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్‌కీ ఇదే లోపం, 1997లో ఆపరేషన్ చేయించుకున్నాడు. కాబట్టి "మావాడు దుక్కలా ఉన్నాడు, వాడికేం" అనుకోవద్దు.

కొందరిలో దీనికి తోడు బృహద్ధమని ఒకచోట నొక్కుకుపోయి ఉంటుంది. అప్పుడు చేతుల్లో బీపీ ఎక్కువ, కాళ్లలో తక్కువ. మరికొందరిలో ఆ నాళం ఉబ్బుతుంది. అందుకే బాధ లేకపోయినా డాక్టరు చెప్పిన గడువుకి పరీక్షకు వెళ్లాల్సిందే.

వీటిని గమనించండి

ఆటల్లో గానీ, బరువు మోసినప్పుడు గానీ కళ్లు తిరిగి పడిపోవడం, ఛాతీలో నొప్పి, ఆయాసం. వీటిలో ఏది కనిపించినా దిష్టి తీసి ఊరుకోకండి. డాక్టరు గొట్టం పెట్టి "గుండెలో శబ్దం ఉంది" అంటే ఎకో తీయించండి. సూది, నొప్పి లేని పరీక్ష అది. ఇంట్లో ఒకరికి లోపం తేలితే తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు కూడా చూపించుకోవాలి.

కవాటం చెడిందంటే అన్నిసార్లూ పుట్టుకతో వచ్చిందే కాదు. గొంతునొప్పి తర్వాత కీళ్లవాపు, జ్వరం వచ్చినా చెడుతుంది. దానికి డాక్టరు రాసిన పెన్సిలిన్ ఇంజెక్షన్లను మధ్యలో మానకూడదు.

ఆడపిల్లల తల్లులకు

ఎత్తు పెరగక, ఈడొచ్చినా పెద్దమనిషి కాని అమ్మాయికి టర్నర్ సిండ్రోమ్ ఉండొచ్చు. వాళ్లకు ఈ గుండె లోపాలు ఎక్కువ. సంబంధాలు తప్పిపోతాయని జబ్బు దాచడం మన దగ్గర ఉన్నదే. పెళ్లి జరిగిపోతుంది, కానీ కాన్పు గుండెకు పెద్ద పరీక్ష. దాచిన సంగతి అక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. గర్భం రాకముందే గుండె డాక్టరుకు చూపించండి. లోహపు కవాటం వేసుకున్నవాళ్లు రోజూ వార్ఫరిన్ వాడాలి. అది కడుపులో బిడ్డకు హాని చేయొచ్చు కాబట్టి ముందే డాక్టరుకు చెప్పాలి. సొంతంగా మాత్రం మానొద్దు. ఆ మందు వాడేవాళ్లకు పాలకూర, తోటకూర ఒకరోజు గిన్నెడు, మరోరోజు అసలే లేకుండా కాక, ఎప్పుడూ ఒకే మోతాదులో వండిపెట్టండి. పళ్లు, చిగుళ్లు శుభ్రంగా ఉంచాలి. నోటిలోని క్రిములు రక్తంలో కలిసి కవాటానికి పట్టొచ్చు.

ఎక్కడికి వెళ్లాలి?

మన ఏటూరునాగారం నుంచి వరంగల్ దాదాపు వంద కిలోమీటర్లు. దూరం, ఖర్చు తలుచుకుని ఆగిపోకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలు, సర్కారు బడుల్లో పద్దెనిమిదేళ్ల దాకా పిల్లల్ని పరీక్షిస్తారు. ఆ రోజు బడి మాన్పించకండి. ఆపరేషన్ అవసరమైతే 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఉంది. దాని పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ముందుగా ఆశా కార్యకర్తనో, పీహెచ్‌సీ డాక్టరునో అడగండి. పాత చీటీలు, ఎకో రిపోర్టులు ఒక సంచిలో భద్రంగా దాచండి. వెళ్లిన ప్రతిచోటా ముందు వాటినే అడుగుతారు.