మినీ ట్రాక్టర్ కొంటున్నారా? హెచ్‌పీ కంటే ముందు వెనక లిఫ్ట్ చూడండి

పుంగనూరు దగ్గర పల్లెలో ఉండే మా మామూ ఒక సెకండ్ హ్యాండ్ మినీ ట్రాక్టర్ కొన్నారు. పెయింట్ కొత్తగా ఉంది, టైర్లు బాగున్నాయి, ఇంజిన్ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. బేరం కుదిరిపోయింది. ఇంటికి తెచ్చి రోటవేటర్ తగిలించాక అసలు సంగతి తెలిసింది. పైకి లేపిన రోటవేటర్, బండి చేను గట్టు దగ్గర మలుపు తిరిగేలోపే మెల్లగా కిందికి జారిపోతోంది. "ఇంజిన్‌కేం కాలేదు బేటా, దీనికి నడుమే నిలబడట్లేదు" అన్నారు మామూ. ఆయన నడుము అన్నది హైడ్రాలిక్ లిఫ్ట్‌ని.

మన వైపు చిన్న ట్రాక్టర్లకు గిరాకీ ఊరికే లేదు. మదనపల్లె చుట్టూ టమాటాకు బెడ్లు కట్టాలి, వాటి మీద మల్చింగ్ కవర్ పరచాలి. పుంగనూరు, కుప్పం వైపు మల్బరీ తోటలుంటాయి. జంట సాళ్ల పద్ధతిలో నాటితే జంటలోని రెండు సాళ్ల మధ్య 3 అడుగులు, జంటకూ జంటకూ మధ్య 5 అడుగులు వదులుతారు. ఆ 5 అడుగుల సందులోకి పెద్ద ట్రాక్టర్ పోతే కొమ్మలు విరుగుతాయి. చిన్న బండి దూరిపోతుంది. కానీ గొర్రు, రోటవేటర్, బెడ్ కట్టేది, కవర్ పరిచేది, అన్నీ తగిలేది బండి వెనకే. ఆ వెనక భాగం సరిగా లేకపోతే ముందు ఎంత ఇంజిన్ ఉన్నా ఉపయోగం లేదు.

లిఫ్ట్ పని చేసే తీరు కష్టమైనదేమీ కాదు. ఇంజిన్‌తో తిరిగే పంపు ఆయిల్‌ని ఒత్తిడితో సిలిండర్‌లోకి తోస్తుంది. లోపలి పిస్టన్ కదిలి పైనున్న అడ్డ ఇరుసును తిప్పుతుంది. దానికున్న రెండు చేతులు కింది లింకులను పైకి లాగుతాయి. కింద రెండు లింకులు, పైన ఒక టాప్ లింకు, మొత్తం మూడు చోట్ల పనిముట్టు తగులుతుంది. అందుకే దీన్ని త్రీ పాయింట్ లింకేజ్ అంటారు. మనం లివర్ దించితే ఆయిల్ వెనక్కి పోతుంది, పనిముట్టు తన బరువుతోనే కిందికి దిగుతుంది. మామూ బండిలో మనం దించకుండానే ఆయిల్ తప్పించుకుంటోంది, అంతే తేడా.

ఇప్పుడు బ్రోచర్‌లోని అంకెలు చూద్దాం. స్వరాజ్ 717 బండి 15 హెచ్‌పీ, ఎత్తే బరువు 780 కిలోలు. మహీంద్రా జివో 245 డీఐ 24 హెచ్‌పీ, ఎత్తేది 750 కిలోలు. వీఎస్‌టీ ఎంటీ 180డీ పద్దెనిమిదిన్నర హెచ్‌పీ, 500 కిలోలు. స్వరాజ్ కోడ్ 11 హెచ్‌పీ, 220 కిలోలు. అంటే హెచ్‌పీ ఎక్కువైతే లిఫ్ట్ కూడా ఎక్కువే అనుకోవడం తప్పు. ఇంకో మెలిక కూడా ఉంది. ఈ అంకెను మామూలుగా కింది లింకుల కొస దగ్గర చెబుతారు. పనిముట్టు బరువంతా అక్కడే ఉండదు, ఇంకా వెనక్కి ఉంటుంది. వెనక్కి పోయేకొద్దీ లిఫ్ట్ ఎత్తగలిగేది తగ్గుతుంది. నిండు బిందెను ఒంటికి ఆనించి మోయడానికీ, చేతులు చాచి మోయడానికీ ఉన్న తేడా ఇది. కాబట్టి పొడవాటి పనిముట్టు కొనే ముందు దాని బరువును బ్రోచర్ అంకెతో నేరుగా పోల్చి సరిపెట్టుకోకండి. బరువు ఎక్కువైతే ముందు టైర్లు తేలుతాయి, స్టీరింగ్ మాట వినదు.

తర్వాతి చిక్కు పిన్నులది. పెద్దన్న గొర్రు ఉంది కదా, అదే తెచ్చుకుందాం అనుకుంటాం. లింకేజ్‌కు సైజులుంటాయి. కేటగిరీ 1 అయితే కింది పిన్ను 22 మిల్లీమీటర్లు, టాప్ లింకు పిన్ను 19. కేటగిరీ 2 అయితే 28, 25. చిన్న బండ్లలో 1ఎన్ అని ఇరుకు రకం కూడా ఉంది. పిన్ను 22దే, కానీ రెండు కింది లింకుల మధ్య దూరం 400 మిల్లీమీటర్లే. మామూలు కేటగిరీ 1లో 683. పిన్ను చిన్నదైతే బుష్ వేసి సరిచేయొచ్చు. వెడల్పు కుదరకపోతే వెల్డింగ్ షాపుకు పోవాల్సిందే. కొనే రోజే టేపు తీసుకుని పోండి.

ఈ మూడు పాయింట్ల ఏర్పాటుకు పేరు తెచ్చినవాడు ఐర్లాండ్‌కు చెందిన హ్యారీ ఫెర్గూసన్. మాసీ ఫెర్గూసన్ అనే పేరులోని ఫెర్గూసన్ ఆయనే. 1926లో పేటెంట్ తీసుకున్నారు, 1939లో హెన్రీ ఫోర్డ్‌తో కలిసి 9ఎన్ ట్రాక్టర్‌తో జనంలోకి తెచ్చారు. అంతకుముందు మడకను గొలుసుతో లాగేవాళ్లు. అది రాయికి తగిలితే బండి ముందు భాగం లేచి డ్రైవర్ మీదికి తిరగబడేది. ఈ లింకేజ్‌లో మడకకు అడ్డం తగిలితే టాప్ లింకు మీద ఒత్తిడి పడి బండి ముక్కును కిందికే తోస్తుంది. ఆ ఒత్తిడిని పసిగట్టి లిఫ్ట్ మడకను కొంచెం పైకి లేపుతుంది కూడా. దీన్నే డ్రాఫ్ట్ కంట్రోల్ అంటారు. కుప్పం వైపు రాళ్ల చేలల్లో దున్నేవాళ్లకు ఇది అవసరం. చిన్న బండ్లలో అన్నింటికీ ఉండదు, అడిగి తెలుసుకోండి.

ట్రాలీ విషయంలో మాత్రం మొహమాటం వద్దు. టమాటా క్రేట్ల ట్రాలీని గానీ, బురదలో దిగబడ్డ బండిని గానీ టాప్ లింకు కొక్కేనికో, పైకి లేపిన కింది లింకులకో కట్టి లాగకూడదు. లాగే చోటు వెనక ఇరుసు కంటే ఎత్తులో ఉంటే బండి ముక్కు లేస్తుంది. క్షణంలో వెనక్కి తిరగబడుతుంది, దూకే టైమ్ ఉండదు. లాగడానికి కింద గట్టిగా బిగించిన హుక్కు, డ్రాబార్ ఉన్నాయి. అలాగే లేపి పెట్టిన రోటవేటర్ కింద దూరి బ్లేడ్లు బిగించొద్దు. కింద మొద్దులు పెట్టి, ఇంజిన్ ఆపి, అప్పుడు చేయి పెట్టండి. పిల్లలున్న ఇంట్లో బండి నిలిపేటప్పుడు పనిముట్టును నేలకు దించి నిలపండి.

పాత బండి చూసేటప్పుడు వట్టి లిఫ్ట్‌ను లేపి చూపిస్తే ఒప్పుకోకండి. బరువైన పనిముట్టు తగిలించమనండి. అరగంట పని చేయించండి. ఆయిల్ వేడెక్కి పలచబడ్డాకే లోపం బయటపడుతుంది. అప్పుడు పైకి లేపి ఇంజిన్ ఆపండి. పది నిమిషాల్లో జానెడు దిగిందంటే సీలో, వాల్వో పోయినట్టు. ఇంజిన్ నడుస్తుండగా పనిముట్టు కాసేపటికోసారి ఎగిరెగిరి పడినా అదే జబ్బు. ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయి. మామూ బండిలో పిస్టన్ సీల్ అరిగిపోయింది, మార్చాక నిలబడింది. ముందే ఈ పరీక్ష చేసి ఉంటే ఆ ఖర్చు బేరంలోనే తగ్గించుకునేవారు.

కామర్స్ చదివినవాణ్ణి కాబట్టి ఇదొకటి చెప్పకుండా ఉండలేను. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టర్ టైర్లు, ట్రాక్టర్ హైడ్రాలిక్ పంపు 18 నుంచి 5కు వచ్చాయి. పంపు మార్పిస్తే బిల్లు అడిగి తీసుకోండి, అందులో ఎంత శాతం వేశారో చూడండి.