బీరువా నిండా బట్టలే.. వేసుకోడానికి మాత్రం ఒక్కటీ లేదా? ఆషాఢం సేల్‌కి వెళ్లే ముందు ఇది చూడండి

గోపాలపట్నం, విశాఖపట్నం: బీరువా తెరిస్తే బట్టలు మీద పడతాయి. తీరా ఫంక్షన్‌కి బయల్దేరేటప్పుడు ‘వేసుకోడానికి ఏం లేదు’ అనే మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ జనం గోపాలపట్నం మీదుగా నడుస్తారు. సరిగ్గా అదే నెలలో షాపుల ముందు డిస్కౌంట్ బోర్డులూ వేలాడతాయి. రెండు కొంటే ఒకటి ఫ్రీ! ఇంటికొచ్చాక చూస్తే ఆ ఫ్రీ షర్ట్‌కి మ్యాచ్ అయ్యే ప్యాంట్ ఉండదు.. దానికోసం ఇంకోటి కొనాలి. జేబుకి చిల్లు పడేది ఇక్కడే.

అక్కినేని నాగేశ్వరరావు అనగానే చాలామందికి తెల్లటి పొందూరు ఖద్దరు పంచె గుర్తొస్తుంది. యాపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ అంటే నల్ల టర్టిల్‌నెక్, జీన్స్. వాళ్లు డబ్బుల్లేక అలా వేసుకోలేదు కదా! తమకి నప్పేదేంటో తెలుసుకుని దాన్నే పట్టుకున్నారు. 1970ల్లో లండన్‌లో బట్టల షాపు నడిపిన సూసీ ఫాక్స్ ఈ పద్ధతినే ‘క్యాప్సూల్ వార్డ్‌రోబ్’ పేరుతో ప్రచారంలోకి తెచ్చారు. ఒకదానితో ఒకటి కలిసే 3 ప్యాంట్లు, 5 షర్ట్‌లు ఉంటే చాలు.. 15 జతలవుతాయి.

కొనడానికి ముందు ఉన్నవన్నీ మంచం మీద వేయాలి. గత నెలలో పదేపదే వేసుకున్నవి ఏ రంగు, ఏ గుడ్డ, ఎంత లూజు? మన స్టైల్ అందులోనే ఉంటుంది. వాటిని ఫోన్‌లో ఫొటో తీసుకుని షాపుకి వెళ్తే మ్యాచింగ్ గొడవ ఉండదు.

విశాఖ ఉక్కపోత సంగతి తెలిసిందే. పాలిస్టర్ చొక్కాతో బండెక్కితే ఎన్‌ఏడీ జంక్షన్ దాటేలోపే వీపుకి అతుక్కుపోతుంది. అందుకే లోపలి లేబుల్ చదివి కాటన్ ఎంతుందో చూడాలి. షాపు లైట్ల కింద రంగు మోసం చేస్తుంది, గుమ్మం దగ్గర పగటి వెలుగులో చూడాలి. లోపలికి తిప్పి కుట్టు కూడా చూడండి.. మార్జిన్ గుడ్డ వదిలితేనే రేపు లూజు చేయించుకోవచ్చు.

ఇక లెక్క. రూ.600 షర్ట్ 3 సార్లు వేసి మూలన పడేస్తే ఒక్కోసారికి రూ.200 పడినట్టు. రూ.1,500 షర్ట్ 60 సార్లు వేస్తే రూ.25 మాత్రమే. అలాగని ఖరీదైనవన్నీ మంచివని కాదు, బ్రాండ్ పేరుకి కట్టే డబ్బు వేరు. పన్ను కూడా గుర్తుంచుకోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రెడీమేడ్ బట్టలు ఒక్కో పీసు రూ.2,500 వరకు ఉంటే జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం.

నడుము బిగించడం, చేతులు పొట్టి చేయడం లాంటి పనులతో మూలన పడ్డ వాటిలో కొన్ని మళ్లీ వాడకంలోకి వస్తాయి. ఆ పని ఆషాఢంలోనే చేయించుకోవడం నయం. శ్రావణం పెళ్లిళ్లు మొదలైతే టైలర్లు దొరకరు.