వంశపారంపర్య పీయూష గ్రంథి కణితులు – చిట్టెలుకలు చెప్పిన సంగతులు

మెదడు అడుగుభాగాన, ముక్కు మూలానికి వెనుకగా, ఎముకలో ఏర్పడిన చిన్న గుంటలో బఠాణీ గింజంత గ్రంథి ఒకటి గలదు. దీనినే పీయూష గ్రంథి అంటారు. దీని బరువు సుమారు అర గ్రాము మాత్రమే. అయినప్పటికీ శరీరపు ఎదుగుదల, స్త్రీల ఋతుక్రమం, బాలింతకు పాలు పడడం, థైరాయిడ్, అడ్రినల్ గ్రంథుల పనితీరు మొదలైనవన్నీ దీని అదుపాజ్ఞలకు లోబడి ఉంటాయి. ఈ గ్రంథిలో పుట్టే కణితులు చాలావరకు క్యాన్సరు కావు. ఇతర అవయవాలకు పాకవు. అయితే ఏదో ఒక హార్మోనును అమితంగా ఉత్పత్తి చేయడం వలన గాని, పైనున్న దృష్టి నాడులను ఒత్తడం వలన గాని ఇవి మనిషిని ఎంతో బాధిస్తాయి.

ఈ కణితులలో అధికభాగం ఆ ఒక్క వ్యక్తికే పరిమితమైనవి. నూటికి ఐదింటిలో మాత్రమే వంశంలో సంక్రమించే దోషం కనిపిస్తుంది. తల్లిదండ్రుల బీజంలోని ఏ భాగం చెడితే సంతానంలో ఆ భాగానికి సంబంధించిన వికృతి కలుగుతుందని చరకసంహిత శారీరస్థానం చెప్పింది. ప్రాచీనులకు జన్యువుల సంగతి తెలుసునని దీని అర్థం కాదు. కాని దోషం బీజం ద్వారా సంక్రమిస్తుందనే భావన మన పాఠకులకు కొత్తది కాదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

ఇటువంటి కుటుంబ దోషానికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఐర్లండు ఉత్తర భాగంలో పుట్టిన ఛార్లెస్ బర్న్. 1761లో జన్మించిన ఈతడు ఏడున్నర అడుగులకు మించి ఎదిగి, లండన్ నగరంలో తన ఎత్తునే ప్రదర్శనగా పెట్టి పొట్టపోసుకుని, 1783లో 22 ఏళ్ల ప్రాయంలోనే మరణించాడు. తన దేహం వైద్యుల చేతికి చిక్కరాదని, సముద్రంలో విడిచిపెట్టమని మిత్రులను కోరాడు. అయినా శస్త్రవైద్యుడు జాన్ హంటర్ ఆ దేహాన్ని సంపాదించి అస్థిపంజరాన్ని భద్రపరచాడు. ఇది అన్యాయమనే చెప్పాలి. 2023లో తిరిగి తెరచిన హంటేరియన్ మ్యూజియంలో ఆ అస్థిపంజరాన్ని ఇక ప్రదర్శించడం లేదు.

1909లో హార్వే కుషింగ్ అనే శస్త్రవైద్యుడు బర్న్ పుర్రెను తెరిపించి చూడగా, పీయూష గ్రంథి ఉండే గుంట పెద్దదై కనిపించింది. 2011లో ఆతని దంతాల నుంచి తీసిన డి.ఎన్.ఎ.ను పరీక్షించగా ఎ.ఐ.పి. అనే జన్యువులో లోపం బయటపడింది. నేటికీ ఆ ప్రాంతంలో ఇదే కణితితో బాధపడుతున్న కొన్ని కుటుంబాలలో సరిగ్గా అదే లోపం ఉన్నది. ఈ జన్యువుకు, పీయూష గ్రంథి కణితులకు గల సంబంధాన్ని 2006లో ఫిన్లాండు పరిశోధకులు కనుగొన్నారు.

జన్యువు పేరు తెలిసినంత మాత్రాన కణితి ఎలా పుడుతుందో తెలియదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి తలలోని పీయూష గ్రంథి నుంచి ముక్క తీసి పరీక్షించడం కుదరదు. శస్త్రచికిత్సలో తీసిన కణితి చివరి దశను మాత్రమే చూపుతుంది. ఒక కుటుంబంలో మూడు తరాలను గమనించాలంటే ఒక పరిశోధకుని జీవితకాలం చాలదు. అందుకే చిట్టెలుక అవసరమయింది. దీని గర్భధారణ సుమారు మూడు వారాలు. ఆయుష్షు రెండేళ్లకు కాస్త అటూ ఇటూ. చిట్టెలుకలో తాము ఎంచుకున్న జన్యువును మాత్రమే పనిచేయకుండా చేసే పద్ధతికి దారి వేసిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2007లో నోబెల్ బహుమతి లభించింది.

మెన్-1 అనే జన్యువును 1997లో చంద్రశేఖరప్ప మొదలైన అమెరికా పరిశోధకులు గుర్తించారు. ఇది చెడినవారిలో పీయూష గ్రంథితో పాటు మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులలోను, క్లోమంలోను కణితులు రావచ్చును. 2001లో ఈ జన్యువు లోపించిన చిట్టెలుకలను తయారుచేశారు. రెండు ప్రతులూ లేని పిల్లలు తల్లి గర్భంలోనే మరణించాయి. ఒక ప్రతి మాత్రమే లోపించినవి మామూలుగా పుట్టి, మామూలుగా పెరిగాయి. తొమ్మిది నెలలకు క్లోమంలో కణితులు కనిపించసాగాయి. 16 నెలలకు పీయూష గ్రంథిలోను కనిపించాయి. ఆ కణితులను పరీక్షించగా, మిగిలి ఉన్న మంచి ప్రతి కూడా అక్కడ పోయినట్లు తేలింది.

దీని భావం గ్రహించండి. ప్రతి జన్యువూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా మనకు సంక్రమిస్తుంది. ఇంటికి ఇద్దరు కాపలాదారులున్నట్లు ఒకరు నిద్రపోయినా రెండవవారు మేల్కొని ఉంటారు. చెడిన ప్రతితో పుట్టిన బిడ్డలో సగం కాపలా పుట్టుకతోనే లేదు. ఏదో ఒక కణంలో రెండవది కూడా పోయిన నాడు అక్కడ కణితికి అంకురం పడుతుంది. కనుక సంక్రమించినది రోగం కాదు, రోగానికి గల అవకాశం.

ఎ.ఐ.పి. విషయంలో చిట్టెలుక మరికొంత చెప్పింది. 2010లో ఫిన్లాండు పరిశోధకులు ఈ జన్యువు ఒక ప్రతి లోపించిన చిట్టెలుకలను పరిశీలించగా, 15 నెలలు నిండేసరికి అన్నింటిలోను పీయూష గ్రంథి కణితులు వచ్చాయి. వానిలో అధికభాగం ఎదుగుదల హార్మోనును స్రవించేవే. మానవులలో మాత్రం ఇదే లోపం ఉన్నవారిలో నూటికి 20 నుంచి 30 మందికి మాత్రమే కణితి వస్తుంది. ఇంకొక విశేషమేమంటే, 2016లో వేరొక బృందం ఇటువంటి లోపమే గల మగ చిట్టెలుకలను పరీక్షించగా, 12 నెలలకు కూడా స్వల్పమైన మార్పులే కనిపించాయి. చిట్టెలుకల సంగతే ఇంత వ్యత్యాసంగా ఉంటే, వాటిని చూసి ఒక కుటుంబంలోని బిడ్డ భవిష్యత్తు చెప్పబూనడం ఎంత సాహసమో ఆలోచించండి.

ఆర్.బి. అనే జన్యువు ఇంకా విచిత్రమైనది. ఇది చెడిన పసిపిల్లలకు కంటిలో క్యాన్సరు వస్తుంది. 1992లో అదే లోపాన్ని చిట్టెలుకలలో కల్పించగా కంటికి ఏమీ కాలేదు. దాదాపు అన్నింటికీ పీయూష గ్రంథిలో కణితి వచ్చింది! మరొకచోట జంతువులే దారి చూపాయి. పి-27 అనే జన్యువు లేని చిట్టెలుకలు మామూలు కంటె పెద్దవిగా పెరిగి, పీయూష గ్రంథి కణితులకు లోనవుతాయని 1996లోనే తెలిసింది. పదేళ్ల తరువాత, 2006లో, పలు గ్రంథులలో కణితులు గల ఎలుకల వంశం ఒకదానిలో ఇదే జన్యువు చెడినట్లు జర్మనీలో తేలింది. ఆ దారి పట్టుకుని వెదకగా ఒక మానవ కుటుంబంలోను ఆ లోపమే కనిపించింది. నేడు దానిని మెన్-4 అని పిలుస్తున్నారు.

చికిత్సలను కూడా ఈ చిట్టెలుకలపై పరీక్షిస్తున్నారు. 2012లో మెన్-1 చిట్టెలుకల కణితులలోకి మంచి జన్యువును నేరుగా పంపగా, కణాల విభజన వేగం తగ్గింది. అది ఇంకా మానవులకు చికిత్సగా రాలేదు.

"ఫలానా మూలిక ఎలుకలలో కణితిని కరిగించింది" అనే ప్రకటన చూచినపుడు ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. ఆ కణితి ఎక్కడిది? గాజుపాత్రలో పెంచిన కణాలను ఎలుక చర్మం క్రింద నాటి కల్పించిన కణితి వేరు. వంశదోషం వలన గ్రంథిలో తనంత తానుగా, నెలల తరబడి పెరిగిన కణితి వేరు. మొదటిది కరిగినంత మాత్రాన రెండవది కరుగుతుందని చెప్పలేము. మోతాదు సంగతి సరేసరి.

తలనొప్పికి శొంఠి పట్టు వేయడం తప్పు కాదు. కాని తలనొప్పితో పాటు ఉంగరం బిగుతవడం, చెప్పుల సైజు పెరగడం, ముఖకవళికలు మోటుగా మారడం, గర్భం లేకుండానే ఋతుక్రమం ఆగి రొమ్ముల నుంచి పాలు రావడం, రెండు ప్రక్కల నుంచి వచ్చేవారు కంటికి ఆనకపోవడం వంటివి ఉన్నట్లయితే పట్టులతో, కషాయాలతో కాలయాపన చేయరాదు. హార్మోన్లకు సంబంధించిన వైద్యుని వెంటనే చూడవలెను. ప్రొలాక్టిన్ అనే హార్మోనును స్రవించే కణితులు అనేకం శస్త్రచికిత్స లేకుండా, కాబర్గోలిన్ మాత్రలతోనే కుంచించుకుపోతాయి. వైద్యుడు చెప్పకుండా ఆ మాత్రలను మానరాదు.

వైద్యుని వద్దకు వెళ్లేటపుడు పాత ఛాయాచిత్రాలు కొన్ని తీసుకువెళ్లండి. పది సంవత్సరాలలో ముఖం ఎలా మారిందో వాటివలన తెలుస్తుంది. తాతముత్తాతలలో, మేనత్తలలో, మేనమామలలో అసాధారణంగా ఎత్తు పెరిగినవారు, పీయూష గ్రంథికి శస్త్రచికిత్స జరిగినవారు, చిన్న వయసులోనే మూత్రపిండాలలో రాళ్లు పదేపదే వచ్చినవారు ఎవరైనా ఉంటే వారి వివరాలు కాగితంపై వ్రాసుకుని చూపించండి. మూత్రపిండాలలో రాళ్లకు దీనికి ఏమి సంబంధమని అడుగవచ్చును. మెన్-1 లోపం గల కుటుంబాలలో పారాథైరాయిడ్ గ్రంథులు చెడి రక్తంలో కాల్షియం పెరిగినపుడు అటువంటి రాళ్లు ఏర్పడతాయి.