పది గంటల నుంచి అంటే ఎంతసేపు?

మీకో చిన్న లెక్క. భద్రాచలం దగ్గర గోదావరికి వరద వచ్చిందనుకోండి. మధ్యాహ్నం పన్నెండింటికి నీటిమట్టం 49 అడుగులు. "పది గంటల నుంచి పెరుగుతోంది. మొదట్లో 45 అడుగులే ఉండేది" అని కబురు వచ్చింది. ఇదే వేగంతో పెరిగితే నీరు 53 అడుగులకు ఎప్పుడు చేరుతుంది?

ఆగండి! పెరగడం ఉదయం పదింటికి మొదలైందా? లేక మొదలై పది గంటలయిందా? మొదటిదైతే వేగం గంటకు 2 అడుగులు. నీరు మధ్యాహ్నం రెండింటికే 53 అడుగులకు చేరుతుంది. రెండోదైతే గంటకు 0.4 అడుగు మాత్రమే. రాత్రి పదింటికి గాని చేరదు.

భద్రాచలంలో 43 అడుగుల వద్ద మొదటి, 48 వద్ద రెండవ, 53 వద్ద మూడవ ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986 ఆగస్టులో అక్కడ నీరు 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. అలాంటప్పుడు ఇల్లు వదిలి వెళ్ళవలసిన వారికి రెండు గంటలకూ పది గంటలకూ ఎంత తేడా!

ఇదే కబురును అడవికి అవతల, తెలుగు రాని వారికి ఇంగ్లీషులో పంపాలి. ఎలా?

కాలాన్ని ఒక స్కేలు అనుకోండి. దాని మీద ఫలానా గీత దగ్గర మొదలైందని చూపేది 'సిన్స్'. రెండు గీతల మధ్య పొడవును చెప్పేది 'ఫర్'. ఉదయం పదింటి నుంచి అయితే 'సిన్స్ టెన్ ఓ క్లాక్'. పది గంటల సేపటి నుంచి అయితే 'ఫర్ టెన్ అవర్స్'. ఇక ముందు ఎంతసేపట్లో చేరుతుందో చెప్పడానికి 'ఇన్': 'ఇన్ టూ అవర్స్'.

మనకు రెండింటికీ 'నుంచి' సరిపోతుంది. అందుకే "రెండు రోజుల నుంచి" అనడానికి చాలామంది 'సిన్స్ టూ డేస్' అని రాస్తారు. అది తప్పు. 'ఫర్ టూ డేస్' అనాలి. క్రియ దగ్గరా జాగ్రత్త: ఇలాంటి వాక్యంలో 'ఈజ్ రైజింగ్' కాదు, 'హాజ్ బీన్ రైజింగ్'.

సందేహం వస్తే తెలుగే దారి చూపుతుంది. 'నుంచి' తీసేసి 'గా' పెట్టి చూడండి. "రెండు రోజులుగా" అనవచ్చు, కనుక 'ఫర్'. "సోమవారంగా" అనలేం, కనుక 'సిన్స్'.

ఇప్పుడు మీ వంతు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. ఆ జిల్లా "2016 నుంచి" ఉంది, "ఎన్నో ఏళ్ళ నుంచి" ఉంది. ఏది 'సిన్స్', ఏది 'ఫర్'?